తాగే ఇంట్లో పెరిగే పిల్లలు: మన ఎజెండాలో లేని మాట

(ఎడిన్‌బర్గ్‌లో మన వేదిక సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఈ రోజు 'నిధులు' అనే అంశం మీద మాట్లాడమన్నారు. నీళ్లు, నిధులు, నియామకాలు అని ఏళ్ల తరబడి నినదించినవాళ్లం మనం. నీళ్ల గురించి నాకంటే తెలిసినవాళ్లు ముందు వరుసలోనే ఉన్నారు. నియామకాల మీద ఇంతకు ముందే వాడిగా చర్చ జరిగింది. నేను నిధుల్లో ఒకే ఒక పద్దు తీసుకుంటాను. అది ఎక్సైజ్ పద్దు. ఆ పద్దుకు అవతలి వైపు కొందరు పిల్లలున్నారు. నేను మాట్లాడబోయేది వాళ్ల గురించి.

ముందు లెక్కలు చూద్దాం. తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలకు ప్రభుత్వం లాటరీ తీసి లైసెన్సులు ఇస్తుంది. 2023లో ఒక్కో దరఖాస్తుకు ఫీజు 2 లక్షలు. లాటరీ తగలకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. లక్షా 31 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అంటే ఒక్క సీసా కూడా అమ్మకముందే, కేవలం కాగితాల మీద, ఖజానాకు 2,600 కోట్లకు పైగా చేరింది. 2025లో ఫీజు 3 లక్షలకు పెంచారు. దరఖాస్తులు సుమారు 95 వేలకు తగ్గినా ఆదాయం మాత్రం పెరిగి 2,850 కోట్లు దాటింది. మొదటిసారి ఒక ప్రభుత్వం, రెండోసారి ఇంకో ప్రభుత్వం. ఈ ఒక్క విషయంలో రెండు పార్టీలకూ తేడా లేదు. 2019 నుంచి 2021 దాకా జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో 43.3 శాతం తాగుతారు. ఆంధ్రప్రదేశ్‌లో అది 23.3 శాతం. పొరుగువాళ్ల కంటే ఇందులో మనం ముందున్నాం. ఈ ముందంజ గురించి మన సభల్లో ఎవరూ చప్పట్లు కొట్టించరు.

మద్యం మీద మన దగ్గర చర్చే జరగదని నేను అనను. కానీ జరిగినప్పుడల్లా అందులో ముగ్గురే కనిపిస్తారు. తాగే మగవాడు, దెబ్బలు తినే భార్య, పన్ను వసూలు చేసుకునే ప్రభుత్వం. పక్క గదిలో దుప్పటి ముసుగేసుకుని పడుకున్నట్టు నటిస్తున్న పిల్లవాడు ఏ చర్చలోనూ కనిపించడు.

సారా ఉద్యమాన్నే తీసుకోండి. మన చరిత్రలో అంత గొప్ప మహిళా ఉద్యమం మరొకటి లేదని నా అభిప్రాయం. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకుంటూ వాచకంలో సీతమ్మ కథ చదివారు. ఆ కథలో ఆడవాళ్లంతా కలిసి ఊళ్లో సారా దుకాణం మూయిస్తారు. కథలో వాళ్లు చేసింది మనమెందుకు చేయలేమని వీళ్లు అనుకున్నారు. వర్ధినేని రోశమ్మ లాంటి వాళ్లు ముందు నిలిచారు. 1992 నాటికి అది రాష్ట్రమంతా పాకింది. సారా పాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబర్ 1 నుంచి కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. 1994 డిసెంబర్‌లో ఎన్టీఆర్ ప్రమాణ స్వీకారం చేసిన రోజునే సంపూర్ణ నిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి అది అమల్లోకి వచ్చింది. 1997లో చంద్రబాబు ప్రభుత్వం ఎత్తేసింది. ఇదంతా మీకు తెలిసిన చరిత్రే. ఆ ఉద్యమం పిల్లల పేరు కూడా ఎత్తింది, 'మా పిల్లల నోటికాడి కూడు సారా కొట్టుకు పోతోంది' అని. కానీ పిల్లల కడుపు గురించి మాట్లాడినంతగా వాళ్ల మనసు గురించి అప్పుడు ఎవరూ మాట్లాడలేదు. ఆ తల్లులను తప్పుపట్టడం లేదు. ఇంట్లో పొయ్యి వెలగని రోజుల్లో ముందు కడుపే గుర్తొస్తుంది. ముప్పై ఏళ్లు గడిచాక కూడా మనం అక్కడే ఆగిపోయాం. నా ఫిర్యాదు అదీ.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. తాగే ఇంట్లో పిల్లలకు ఏమవుతుంది?

నా సంగతి నేను చెప్తాను, ఎందుకంటే ఈ విషయంలో పుస్తకాల కంటే ముందు నాకు తెలిసింది మా ఇల్లే. మా నాయన లైన్‌మన్. పని మీద ఉన్నంతసేపు ఆయనంత జాగ్రత్తపరుడు లేడు. సాయంత్రం ఏడు దాటితే ఇంకో మనిషి. మోపెడ్ స్టాండు వేసే చప్పుడును బట్టి ఆ రోజు ఎంత తాగాడో నేను చెప్పగలిగేవాణ్ణి. ఒక్క ఊపుతో స్టాండు పడితే ఆ రాత్రికి అన్నం తినొచ్చు. రెండు మూడుసార్లు జారితే పుస్తకాలు, చెల్లెలు, నేను పక్కింటి పెద్దమ్మ దగ్గరికి. నిషేధం వచ్చినప్పుడు నేను ఇంకా చిన్నవాణ్ణి. దుకాణం మూతపడింది, గుడుంబా వచ్చింది, మోపెడ్ చప్పుడు మాత్రం మారలేదు. నా చదువు బాగుండేది. క్లాసులో ఫస్టు. ఊళ్లో అందరూ అనేవాళ్లు, 'తండ్రి గట్లుండి కూడ పోరడు ఎంత మంచిగ చదువుతున్నడో' అని. ఆ 'కూడా' తప్పని చాలా ఏళ్ల తరువాత చదువుకుని తెలుసుకున్నాను. తండ్రి అట్లా ఉన్నాడు కనుకనే పోరడు అట్లా చదివాడు. ఇంట్లో ఏదీ నా చేతిలో లేదు. లెక్కల నోటుబుక్కు ఒక్కటే నా చేతిలో ఉండేది.

దీని గురించి అమెరికాలో క్లాడియా బ్లాక్ అనే ఆమె 1981లోనే రాసింది. తాగే ఇళ్లలో పెరిగిన పిల్లలతో, అట్లా పెరిగి పెద్దవాళ్లయినవారితో పనిచేసిన మనిషి. ఇలాంటి ఇంట్లో ఎవరూ చెప్పకుండానే పిల్లలకు మూడు నియమాలు వంటబడతాయని ఆమె గమనించింది. బయట మాట్లాడొద్దు, ఎవరినీ నమ్మొద్దు, మనసులో ఏదీ పెట్టుకోవద్దు. ఈ నియమాల కింద పిల్లలు తలా ఒక వేషం కడతారు. ఒకరు బాధ్యత నెత్తిన వేసుకుంటారు. పదేళ్లకే అమ్మకు సలహాదారు, తమ్ముడికి తండ్రి. ఒకరు ఏమీ పట్టనట్టు సర్దుకుపోతారు. అన్నం ఉంటే తింటారు, లేకపోతే పడుకుంటారు, ఏదీ అడగరు. ఇంకొకరు ఇంట్లో అందరి ముఖాలూ చూస్తూ అందరినీ బుజ్జగిస్తుంటారు. ఈ ముగ్గురూ బయటికి 'మంచి పిల్లలే'. స్కూల్లో ఫిర్యాదు ఉండదు, చుట్టాల్లో మెప్పు. అల్లరి చేసి, చదువు మానేసి, పదిహేనేళ్లకే తాను కూడా తాగడం మొదలుపెట్టే పిల్లవాడు ఒక్కడే అందరి కంటా పడతాడు. మన వాళ్లు వాడికి 'తండ్రి బుద్ధి' అని పేరు పెట్టి ఊరుకుంటారు.

బుద్ధి, రక్తం అన్న మాట వచ్చింది కాబట్టి ఒక మాట. తాగుడుకు బానిసయ్యే గుణంలో వారసత్వానిది సుమారు సగం వాటా అని కవలల మీద, దత్తత పిల్లల మీద జరిగిన పరిశోధనలు చెప్తున్నాయి. మిగతా సగం ఇల్లు, ఊరు, దుకాణం ఎంత దూరంలో ఉందన్నది. 1998లో కాలిఫోర్నియాలో ఫెలిట్టి, ఆండా అనే వైద్యులు ఒక పెద్ద అధ్యయనం ప్రచురించారు. చిన్నతనంలో ఎదురైన కష్టాలకు, పెద్దయ్యాక వచ్చే జబ్బులకు లంకె ఉందా అని వేల మందిని అడిగారు. ఆ కష్టాల జాబితాలో ఇంట్లో తాగుబోతు ఉండటం ఒకటి, తల్లిని కొట్టడం ఇంకొకటి. కష్టాలు ఒకటి మీద ఒకటి పేరుకున్న కొద్దీ మనోవ్యాధి, ఆత్మహత్యా ప్రయత్నాలు, తాగుడు మాత్రమే కాదు, గుండె జబ్బులు కూడా పెరిగాయి. మన దగ్గర ఈ కష్టాలు విడివిడిగా రావు. అదే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, భర్త తరచూ తాగి వస్తాడని చెప్పిన భార్యల్లో 70 శాతం హింసకు గురైనవాళ్లు. భర్త తాగని ఇళ్లలో అది 23 శాతం. ఆ 70 శాతం ఇళ్లలో చూస్తూ నిలబడిన కళ్లు ఎన్ని జతలో సర్వే అడగలేదు.

ఇక మనకు మరీ దగ్గరి విషయం. ఈ హాల్లో అరవై మంది దాకా ఉన్నాం. ఎక్కువమంది సాఫ్ట్‌వేర్, కొందరు డాక్టర్లు, కొందరు చదువుకుంటున్న పిల్లలు. 43 శాతం అన్న లెక్కను ఈ హాలుకు అన్వయిస్తే నేను ఒంటరివాణ్ణి కాదని మీకే అర్థమవుతుంది. బాధ్యత నెత్తిన వేసుకున్న పిల్లవాడు పెద్దయితే ఎక్కడికి వస్తాడు? వీసా తీసుకుని ఇక్కడికి వస్తాడు. నెల నెలా డబ్బు పంపుతాడు, చెల్లెలి పెళ్లి చేస్తాడు, ఆఫీసులో ఎవరి పని ఆగినా తానే చేస్తాడు, సెలవు పెట్టడు. మేనేజరు మెచ్చుకుంటాడు. ఇంటికి మాత్రం పొద్దున్నే ఫోన్ చేస్తాడు. మనకూ ఇంటికీ ఎండాకాలంలో నాలుగున్నర గంటలు, చలికాలంలో ఐదున్నర గంటలు తేడా. చలికాలంలో ఇక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర దాటిందంటే అక్కడ రాత్రి ఏడు దాటినట్టు. ఆ తరువాత చేస్తే ఫోన్ ఎవరెత్తుతారో, ఎట్లా ఎత్తుతారో తెలియదు. ఇట్లా గడియారం చూసి ఇంటికి ఫోన్ చేసేవాళ్లు మనలో ఎందరున్నారో నేను చేతులెత్తమని అడగను.

రెండో సంగతి మన ఇళ్లది, ఇక్కడి ఇళ్లది. మనం మన నాయనల్లాగా తాగం అనుకుంటాం. నిజమే, గుడుంబా తాగం. శుక్రవారం రాత్రి ఎవరింట్లోనో కలుస్తాం, బిర్యానీ, పాత పాటలు, సింగిల్ మాల్ట్. పిల్లలు పైన గదిలో ఐప్యాడ్‌తో. ఊరికి పోతుంటే మామకొకటి, బాబాయికొకటి, రెండు లీటర్ల పరిమితి దాటకుండా డ్యూటీ ఫ్రీలో సీసాలు కొనుక్కుపోతాం. అక్కడ మనకు దొరికే గౌరవంలో సగం ఆ సీసాలదే. 2017లో లండన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆల్కహాల్ స్టడీస్ ఒక నివేదిక వేసింది. బానిసలైన తల్లిదండ్రుల గురించి కాదు, మనలాంటి మామూలు తాగేవాళ్ల గురించి. పిల్లలు మనం అనుకునేదాని కంటే ఎక్కువ గమనిస్తారని తేలింది. అమ్మానాన్నలు తాగిన మత్తులో ఉండగా చూసిన పిల్లల్లో కొందరికి దిగులు, కొందరికి సిగ్గు, ఆ రాత్రి పడక వేళ తప్పడం, మామూలు కంటే ఎక్కువ కసుర్లు. ఇది నేరమని నేను అనను. పైన గదిలో ఉన్నారు కదా, వాళ్లకేం తెలుస్తుంది అనే మన ధీమాకు ఆధారం లేదని మాత్రం అంటాను.

మనం ఉంటున్న దేశం కూడా ఇందులో తక్కువది కాదు. రాయల్ మైల్ మీద విస్కీ దుకాణాలు చూపించకుండా ఊరి నుంచి వచ్చిన చుట్టాన్ని తిప్పలేం. ఒకప్పుడు విస్కీ గోదాములకు పేరుపడ్డది ఇక్కడి లీత్ రేవే. స్కాట్లాండ్ జనాభా సుమారు 55 లక్షలు. నేరుగా మద్యం వల్ల వచ్చే జబ్బులతో 2023లో 1,277 మంది, 2024లో 1,185 మంది చనిపోయారు. కానీ ఈ దేశం ఒక పని చేసింది. 2012లో ఇక్కడి పార్లమెంటు, మద్యంలో ఒక్కో యూనిట్‌కు కనీస ధర ఉండాలని చట్టం తెచ్చింది. విస్కీ కంపెనీల సంఘం కోర్టుకెక్కింది. ఐదేళ్లు లాగారు. 2017 నవంబర్‌లో సుప్రీంకోర్టు చట్టం వైపు తీర్పునిచ్చింది. 2018 మే 1 నుంచి 50 పెన్నీలు, 2024 సెప్టెంబర్ 30 నుంచి 65 పెన్నీలు. ఈ చట్టం లేకపోతే జరిగేవాటి కంటే మద్యం మరణాలు 13.4 శాతం తగ్గాయని పబ్లిక్ హెల్త్ స్కాట్లాండ్ 2023లో అంచనా వేసింది. విస్కీ తన పేరు మీద ప్రపంచమంతా అమ్ముకునే దేశం చేయగలిగిన పని ఇది.

అంతకంటే నాకు నచ్చింది, ఇక్కడివాళ్లు దీని గురించి నోరు విప్పడం. జొనాథన్ యాష్‌వర్త్ అనే లేబర్ ఎంపీ 2017లో పార్లమెంటులో నిలబడి తన తండ్రి తాగుడు గురించి, తన చిన్నతనం గురించి చెప్పాడు. మరుసటి ఏడు ఇంగ్లండ్‌లో ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం 60 లక్షల పౌండ్లు కేటాయించింది. గ్లాస్గోలో పెరిగిన డగ్లస్ స్టువర్ట్ తాగుడుకు బానిసైన తల్లిని, ఆమెను కనిపెట్టుకుని ఉండే కొడుకును గురించి 'షగ్గీ బెయిన్' అనే నవల రాశాడు. 2020లో బుకర్ బహుమతి వచ్చింది. ఆయన తల్లి ఆయన పదహారో ఏట తాగుడు వల్లే చనిపోయింది. ఈ పిల్లల కోసమే నకోవా అనే సంస్థ ఈ దేశంలో 1990 నుంచి పనిచేస్తోంది. ఫోన్ చేసినవాళ్లను పేరు కూడా అడగరు. మన అసెంబ్లీల్లో ఒక ఎమ్మెల్యే లేచి 'మా నాయన తాగేవాడు, నేను భయపడుతూ పెరిగాను' అనడం మీరు విన్నారా? నేను వినలేదు. మన దగ్గర తాగుడు సినిమాల్లో హాస్యానికి, ఎన్నికల్లో ఓట్లకు మాత్రమే పనికొస్తుంది.

అందుకు నిషేధం పెట్టాలా అని అడుగుతారు. నేను ఆ పక్షం కాదు. నిషేధం ఇంటి గుమ్మం దాకా వచ్చి ఆగిపోవడం చిన్నప్పుడే చూశాను. నేనడిగేవి చిన్నవి.

ఒక చట్టం ఇప్పటికే ఉంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం 77, 78 సెక్షన్ల ప్రకారం పిల్లలకు మద్యం ఇవ్వడం, మద్యం మోయడానికి, అమ్మడానికి పిల్లలను వాడటం నేరం. ఏడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ఊళ్లో బెల్టు షాపుకు ఎవరు పోతారు? 'పో బిడ్డా, ఒక క్వార్టరు తే, మిగిలింది చాక్లెట్ కొనుక్కో' అంటే పోయేది ఏడో క్లాసు పిల్లవాడే. బెల్టు షాపే చట్టవిరుద్ధం, అందులో పిల్లవాడి చేతికి సీసా ఇవ్వడం ఇంకో నేరం. తాగిన తండ్రిని జైల్లో వేయమనడం లేదు. అమ్మేవాడి మీద ఒక్క కేసు పెడితే మండలమంతా తెలుస్తుంది.

ఇంకొకటి, మండలానికి ఒక కౌన్సిలర్. తెలంగాణలో 600 పైచిలుకు మండలాలున్నాయి. 620 అనుకోండి. నెలకు 50 వేల జీతం వేసుకున్నా ఏడాదికి 37 కోట్లు, రెండేళ్లకు 75 కోట్లు. 2025లో లైసెన్సు దరఖాస్తుల మీద వచ్చిన 2,850 కోట్లలో ఇది 3 శాతం కూడా కాదు. మద్యం అమ్మిన డబ్బు కూడా ముట్టుకోనక్కర లేదు. లాటరీలో ఓడిపోయినవాళ్ల డబ్బు చాలు. ఆ కౌన్సిలర్ వారానికో బడికి పోవాలి. టీచర్లకు ఆ 'మంచి పిల్లలను' గుర్తుపట్టడం నేర్పాలి. ఎప్పుడూ అలసటగా ఉండేవాడు, సాయంత్రం బడి వదిలినా ఇంటికి పోనివాడు, పేరెంట్స్ మీటింగ్ అంటే ముఖం మారిపోయేవాడు.

ఒక్క మనిషితో ఏమవుతుంది అంటారేమో. హవాయిలోని కవాయి దీవిలో ఎమ్మీ వెర్నర్ అనే పరిశోధకురాలు 1955లో పుట్టిన 698 మంది పిల్లలను పెద్దయ్యేదాకా గమనిస్తూ వచ్చింది. పేదరికం, తల్లిదండ్రుల తాగుడు, మనోవ్యాధి, ఇంట్లో గొడవల మధ్య పెరిగినవాళ్లలో మూడో వంతు నిలకడైన, పనిమంతులైన మనుషులుగా ఎదిగారు. వాళ్లకు అండగా ఉన్నది ఎక్కువగా తల్లిదండ్రులు కాని ఒక పెద్ద. అమ్మమ్మ, పక్కింటామె, ఒక టీచరు. మాకు ఆ పెద్దమ్మ ఉంది. ఏమీ అడిగేది కాదు. తలుపు తీసి రెండు కంచాలు పెట్టేది. ప్రతి పిల్లవాడి పక్కింట్లో పెద్దమ్మ ఉండదు కాబట్టే ప్రభుత్వాన్ని అడగాల్సి వస్తోంది.

అధ్యక్షులు గడియారం చూపిస్తున్నారు. రెండు పేజీల వినతిపత్రం ముసాయిదా టీ బల్ల మీద పెట్టాను. అందులో బెల్టు షాపుల మీద బాలల న్యాయ చట్టం అమలు, మండలానికో కౌన్సిలర్, 1098 నంబరును ప్రతి బడి గోడ మీద రాయించడం, ఈ మూడే ఉన్నాయి. ఏ పార్టీ పేరూ లేదు, అన్ని పార్టీలకూ పంపుదాం. అంకెల్లో తప్పులుంటే దిద్దండి, సంతకం పెట్టేవాళ్లు పెట్టండి. మన వేదిక కార్యక్రమాల్లో పిల్లలున్న హాల్లో మద్యం ఉండకూడదని ఒక తీర్మానం కూడా పెడుతున్నాను. దాని మీద గొడవ జరుగుతుందని తెలుసు, జరగనివ్వండి. ఇక్కడ ఎవరికైనా పనికొస్తాయని రెండు నంబర్లు ఆ కాగితం వెనక రాసి పెట్టాను. చైల్డ్‌లైన్ 0800 1111, నకోవా 0800 358 3456. రెండో నంబరు పిల్లలకే కాదు, తాగే ఇంట్లో పెరిగి ముప్పై, నలభై ఏళ్లు వచ్చినవాళ్లకు కూడా. కాగితాలు చాలినన్ని ఉన్నాయి, వెళ్లేటప్పుడు తలా ఒకటి తీసుకుపొండి.